పద్నాలుగో నంబరు

డొక్క ఎన్నిసార్లు ఎగిసిందో లెక్కపెట్టడం నా పని.
గడియారం ముల్లు మీద ఒక కన్ను,
ఎర్ర వెంట్రుకల కింద ఆడే ఎముకల మీద ఒక కన్ను.
ఇరవై మేకలు.
పదింటి మెడలో నీలం తాడు, పదింటికి తెల్లది.

సొకోటోలో ఏప్రిల్ ఎండ గురించి ఏం చెప్పను?
పొద్దున పదికే రేకు మీద గుడ్డు ఉడుకుతుందంటారు గానీ
గుడ్డు పెట్టడానికి కోడి బయటికొస్తే కదా.

నీలం తాడు వాటికి తెల్లవారుతూనే
విటమిన్ పొడి కలిపిన నీళ్లు,
సూది లేని సిరంజితో, దవడ పక్కనుంచి.
చింతపండు నానేసినట్టు పులుపు వాసన.
రోజాలో ఉన్నవాడికి ఆ వాసనకే నోరూరుతుంది.
ఊరింది మింగొచ్చో లేదో
ఇమామ్‌ని అడగలేదు, వద్దంటాడేమోనని.

తెల్ల తాడు వాటికీ అంతే కొలత.
ఉత్త నీళ్లు.

పద్నాలుగో నంబరు డెలుది.
నెల రోజులకి అద్దెకిచ్చింది.
మా పుస్తకంలో దానికి పేరు లేదు,
ఆమె నోట్లో మాత్రం అది జతావు, ఎర్రోడు.
కంచె పట్టుకుని అడిగింది:
"వాటికి పోశావు, వీడికెందుకు పోయవు గాంబో?"
"పోల్చి చూడ్డానికమ్మా."
"దేంతో?"
"మందు తాగినవాటితో."
"అంటే మావాడు ఎంత రొప్పితే
మీ మందు అంత మంచిదన్నమాట!"

దీనికి డాక్టర్ బున్జా దగ్గర జవాబు ఉండే ఉంటుంది.
ఆయన ఆ రోజు ఊళ్లో లేడు.

మధ్యాహ్నం మూడు.
నీలం తాళ్లు: తొంభై, ఎనభై ఎనిమిది, తొంభై ఆరు.
ఒకటైతే ఆ ఎండలోనే
పెళ్లిభోజనం చేసినట్టు తీరిగ్గా నెమరేస్తోంది.
పని చేస్తోంది పొడి! ఎగిరి గంతెయ్యాల్సింది.
తెల్ల తాళ్లు: నూట పది, నూట ఇరవై ఒకటి,
పద్నాలుగు:
నూట నలభై రెండు.
మెడ చాచేసింది. నాలుక బయట. చొంగ తీగలా సాగి మట్టిలోకి.
థర్మామీటరు నలభై ఒకటి దాటింది.
నా డొక్క కూడా లెక్కపెట్టుకున్నాను,
రాద్దామంటే గడి లేదు.

ఎప్పుడు ఎత్తుకున్నానో తెలీదు.
తెలిసేసరికి అది నా భుజం మీద ఉంది,
మేమిద్దరం వేపచెట్టు కింద ఉన్నాం.
మేం దాన్ని దోగొన్యారో అంటాం, పొడుగు కుర్రాడని.
వజూ కెటిల్లో మిగిలిన నీళ్లు దాని తల మీద పోశాను.
డబ్బా అడుగున గోకితే వచ్చిన పొడి
అరచేతిలో కలిపి పట్టాను.
గరుకు నాలుక. వేడి.
గీతలన్నీ అరిగిపోయేదాకా నాకింది.

తర్వాత పుస్తకం తెరిచి, చెయ్యి వణుకుతుండగా రాశాను:
మూడూ ఇరవై. పద్నాలుగు నీడకి.
తెచ్చింది గాంబో.

శనివారం డాక్టర్ బున్జా ఆ వాక్యం దగ్గర
చాలాసేపు ఆగాడు.
తిట్టలేదు. ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత.
"రాశావు కాబట్టి ఒక్క వరుసే పోయింది.
రాయకపోతే అంతా పోయేది," అని
ఇంకేదో అనబోయి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

నివేదికలో పంతొమ్మిది మేకలు.
ఇరవయ్యోది ఏమైందని ఎవరూ అడగలేదు.

పండగ వెళ్లిన వారానికి డెలు ఇంటిమీదుగా వెళ్తుంటే
లోపలికి పిలిచి ఫురా గిన్నె చేతికిచ్చింది,
సజ్జ ఉండలు పాలల్లో చిదిమి, చల్లగా.
గడప పక్కన జతావు, మెడలో కొత్త తాడు.
నీలం.
నేను నవ్వాను: "తాడులో ఏం లేదమ్మా, పొడిలో ఉంది."
"ఆమాత్రం తెలీదూ!" అంది,
ముడి ఇంకొంచెం బిగిస్తూ.
"ఇంకోసారి ఎవరైనా వచ్చి వీణ్ణి
తెల్లవాటిలో కట్టేస్తారేమోనని."